పట్టీ కట్టిన మోసంబి చెట్టు

హలో... నా గొంతు వినబడుతున్నదా అండి? ఆఁ, వినబడితే సరే. అందరికీ నమస్కారం. చాయ్ తాగుతూనే వినండి, తొందరేమీ లేదు. మొన్న మన గ్రూపులో ఒకాయన "చెట్టుకు దాహమైతే మనకు తెలిసేదెట్లా?" అని అడిగాడు. దానికి ఒక్క ముక్కలో జవాబు నాకు రాదు. మా మేనత్త నోట పదిసార్లు విన్న సంగతి ఒకటి ఉంది, అదే చెబుతాను. జరిగింది డెబ్బై ఎనిమిదిలో. నేనప్పుడు దెగ్లూర్‌లో చిన్నపిల్లవాణ్ణి, కళ్లారా చూసింది కాదు.

మా మేనత్త అనుసూయాబాయిని ధర్మాబాద్‌కు అయిదు మైళ్ల దూరంలో ఒక పల్లెకు ఇచ్చారు. మామ శంకర్రావు ఎస్టీ, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు డ్రైవరు. పదిహేను రోజులకు ఒకసారి ఇంటికి వచ్చి, ఒక పూట పడుకుని, మళ్లీ డ్యూటీకి పోయేవాడు. అందుకని ఇంటి వెనక ఎకరంన్నర మోసంబి, అంటే బత్తాయి తోట పూర్తిగా అత్త చేతిలోనే ఉండేది. గుంతలు తీయించింది ఆమె, మొక్కలు పెట్టింది ఆమె. మొత్తం నూట నలభై చెట్లు, అయిదేళ్ల వయసు.

మోసంబితో ఒక చిక్కుంది. ఏడాది పొడుగునా నీళ్లు పెడుతూ పోతే అది సుఖంగా ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, పూత వేయదు. పూత కావాలంటే కొన్నాళ్లు నీళ్లు బంద్ చేసి ఎండబెట్టాలి. మా దిక్కు దీన్ని 'తాణ్' ఇవ్వడం అంటారు. ఆ తర్వాత నీళ్లిస్తే చెట్టు ఒక్కసారిగా పూస్తుంది. తక్కువ ఎండబెడితే పూత రాదు, ఎక్కువ ఎండబెడితే చెట్టే పోతుంది. నడుమ ఉన్న ఆ రోజును పట్టుకోవడమే అసలు పని.

అంతకు ముందు ఏడు అత్త పట్టుకోలేకపోయింది. ఆకులు కొంచెం వాడేసరికి మనసాగక పద్దెనిమిదో రోజే నీళ్లు పెట్టేసింది. తోటంతా పచ్చగా నిండింది గానీ ఒక్క పువ్వు లేదు. భూమి పెత్తనం ఆమె బావ, అంటే శంకర్రావు అన్న దిగంబర్‌ది. ఆయన వచ్చి తోటంతా చూసి నవ్వాడు.

"తోట పెట్టినవా, నీడకు పందిరి ఏసినవా? ఇంకొక్క ఏడు చూస్త అనుసూయా. ఈసారి గూడ పూత రాకుంటే అన్ని పీకి పత్తి పెడ్త. మల్ల నన్ను ఏమనొద్దు."

అనడమే కాదు, చేసే మనిషి. అత్తకు ఆ సంగతి తెలుసు.

ఆ కార్తీకంలోనే దయానంద్ వచ్చాడు. మాండవి దిక్కు తెలుగువాళ్ల అబ్బాయి, పాతికేళ్లుంటాయి. వ్యవసాయంలో డాక్టరేటు చదువుతూ, చెట్టులో నీళ్లు ఎట్లా తిరుగుతాయో లెక్క కట్టే పని పెట్టుకున్నాడు. ధర్మాబాద్‌లో గది తీసుకుని, ఎండబెట్టబోయే మోసంబి తోట కోసం వెతుకుతున్నాడు. అత్త సరేనన్నది. అతను మొదటి వరసలో ఒక చెట్టు మొద్దు చుట్టూ ఇనుప పట్టీ బిగించి, దానికి ముల్లు ఉన్న గుండ్రటి యంత్రం అమర్చాడు. మిల్లీమీటరును వంద ముక్కలు చేసి చూపించే యంత్రం. అతని దగ్గర అది ఒక్కటే ఉంది.

"ఏంది తమ్మీ, చెట్టుకు గడియారం కట్టినవ్?" అన్నది అత్త.

"గడియారం కాదక్కా. మొద్దు ఎంత లావున్నదో చూపెడ్తది."

"నిన్న ఎంతున్నదో ఇయ్యాల గంతే ఉంటది. అదేమన్న లేగదూడనా, పొద్దుకింత పెరగనీకి?"

"లేదక్కా. తెల్లారి లావుంటది, పగటీలి సన్నవడ్తది. రాత్రి మల్ల లావైతది."

అత్త పకపకా నవ్వింది. "గట్లయితే మా బావ కడుపుకు ఉల్టా. అది తెల్లారి సన్నగుంటది, పగటీలి బువ్వ తిన్నంక లావైతది."

దయానంద్ కూడా నవ్వి, ఇంటి వసారాలో తాగే నీళ్లు పోసి పెట్టుకునే మట్టి రంజనును చూపించాడు. "చెట్టు మొద్దు గా రంజను తీర్గ అక్కా. పగటీలి ఎండకు ఆకులు గబగబ తాగుతయి. వేర్లు గంత జల్ది తెచ్చి పొయ్యలేవు. గప్పుడు మొద్దు తన నీళ్లు ఇచ్చి సన్నవడ్తది. రాత్రి ఆకులు తాగవు, వేర్లు తెచ్చి నింపుతయి. తెల్లారి రంజను నిండితే చెట్టు బాగున్నట్టు. దినదినం కొంచెం కొంచెం తక్కువ నిండుతున్నదంటే భూమిల నీళ్లు ఒడిసినట్టు."

"మరి రంజను పైకెల్లి చెమ్మ గూడ ఆరిపోతది గదా. తాగకున్నా తక్కువైతది. గది లెక్కల ఏసినవా?"

దయానంద్ ఒక్క క్షణం ఆమెను చూసి, జేబులోంచి పెన్సిల్ తీశాడు. "ఎయ్యలేదక్కా. ఏస్త."

నేను పదో తరగతి మధ్యలో ఆపినవాణ్ణి, నాకు అర్థమైనంత చెబుతాను. వేర్లు ఎంత తెస్తాయి, ఆకులు ఎంత తాగుతాయి, మొద్దులో ఎంత నిలవ ఉంటుంది, ఈ మూడింటినీ కలిపి దయానంద్ ఒక లెక్క తయారు చేశాడు. నీళ్లు ఆపిన తర్వాత ఏ రోజు తెల్లవారి యంత్రం ముల్లు ఎక్కడ ఉండాలో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. రోజూ చీకటితో సైకిల్ మీద వచ్చి తెల్లవారి ముల్లు చూసేవాడు, గదికి పోయి మళ్లీ రెండున్నరకు వచ్చి చూసేవాడు. కాగితం ప్రకారం ముప్పై మూడో రోజుకు నీళ్లు పెట్టాలి.

డిసెంబర్ ఒకటిన తాణ్ మొదలయింది. ఇంట్లో కాశీబాయి ఉండేది, అంటే అత్తకు అత్త, దిగంబర్ తల్లి. డెబ్బై ఏళ్ల మనిషి. స్నానం నీళ్లు, అంట్లు తోమిన బోకెల నీళ్లు తోటలోకి వదలడం ఆమెకు అలవాటు. అందుకని అత్త ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పింది.

"అత్తా, ఇయ్యాల్టి సంది తోట ఉపాసమున్నది. చెంబెడు నీళ్లు గూడ పొయ్యొద్దు."

"ఎన్ని దినాలు?"

"డిగ్రీ తమ్ముడు చెప్పెదాక."

"గా డాక్టరా? సరే తియ్," అన్నది కాశీబాయి. మార్గశిర గురువారాలు తాను కూడా ఉపవాసం ఉండేది కాబట్టి ఆమెకు ఆ మాట నచ్చింది.

మూడు వారాలు గడిచాయి. కాగితం ప్రకారం తెల్లవారి ముల్లు రోజురోజుకూ దిగాలి. దిగలేదు. పన్నెండో రోజు ఎక్కడున్నదో ఇరవయ్యో రోజూ అక్కడే ఉంది. ఒక శుక్రవారమైతే ముల్లు ఒక గీత పైకే పోయింది. దయానంద్‌కు నిద్ర పట్టలేదు. పట్టీ కదలకుండా యంత్రాన్ని తుడిచి, తట్టి చూశాడు, అదే మాట చెప్పింది. చివరకు కాగితాన్నే మార్చాడు. వేర్లు తాను అనుకున్నదానికంటే చాలా లోతుకు పోయి ఉంటాయని, అడుగున తేమ ఉందని, ఆ అంకె పెంచి లెక్క మళ్లీ వేశాడు. అప్పుడు ముల్లుకూ లెక్కకూ చక్కగా కలిసింది.

"ఫికర్ లేదక్కా. మీ చెట్లు గట్టియి. నలభై అయిదు దినాల దాక ఆగొచ్చు," అన్నాడు.

పోయిన ఏడు తొందరపడి చెడగొట్టుకున్న మనిషికి ఈ మాట ఎంత బలమిస్తుందో ఆలోచించండి. అత్త పోయి దిగంబర్‌తో చెప్పింది. బావి ఇద్దరికీ ఒకటే, ఇంజనూ ఒకటే, వంతులేసుకుని తోడుకునేవారు. "బావా, నాకు జనవరి సంక్రాంతి దాక నీళ్లు అక్కర లేదు. నా వంతు గూడ గోధుమకు పెట్టుకోండ్రి," అన్నది. ఆయనకేం, సంతోషంగా పెట్టుకున్నాడు.

ముప్పై నాలుగో రోజు తెల్లవారి అత్త తోట వెనక వరసల్లోకి పోయింది. మధ్యాహ్నం ఆకులు ముడుచుకోవడం ఆమెకు తెలుసు, అది మామూలే. కానీ మంచు పడుతున్న వేళ కూడా ఆకులు బీడీల్లాగా చుట్టుకునే ఉన్నాయి. చెయ్యి తగిలితే రాలుతున్నాయి. ఆమె గబగబా ముందు వరసకు వచ్చింది. దయానంద్ యంత్రం దగ్గర వంగి రాసుకుంటున్నాడు.

"తమ్మీ, చెట్లు పోతున్నయి."

"ముల్లు దిగలేదక్కా."

"ముల్లు సంగతి నాకెందుకు? ఆకులు చూడు పోయి."

"ఆకును చూసే గదా పోయిన ఏడు తొందరపడ్డరు?"

ఆ మాట అత్తకు గుచ్చుకుంది. అయినా నెమ్మదిగానే అన్నది, "నువ్వు అడిగేది ఒక్క చెట్టును. గా ఒక్క ఇంటాయన కడుపు నిండ తిన్ననంటే ఊరంత తిన్నట్టేనా? గడియారం ఇప్పి ఎనుక వరసల చెట్టుకు కట్టు."

"ఇప్పితే నెల రోజుల వరస తెగిపోతది అక్కా. నా చదువంత దాని మీదనే ఉన్నది."

"నా తోటంత దీని మీద ఉన్నది."

దయానంద్‌కు విప్పడానికి చెయ్యి రాలేదు. ఆఖరుకు అత్తే ఒక దారి చెప్పింది. "రేపు నువ్వు రూముకు పోకు. ఈన్నే కూసొని గంటగంటకు చూడు. తిండి నేను పెడ్త."

మర్నాడు దయానంద్ కాలువ గట్టు మీద కూర్చున్నాడు. ఆరుకు చూశాడు, ఏడుకు చూశాడు. ఎండ ఎక్కుతుంటే ముల్లు దిగడం మొదలయింది, అది సరే. ఎనిమిదికి ఇంకా దిగింది. అత్త జొన్నరొట్టె, పచ్చడి తెచ్చి పెట్టింది. ఎండకు కళ్లు మూతలు పడుతున్నాయని అతను పక్క చెట్టు చాటుకు జరిగి, అక్కడ రొట్టె తింటున్నాడు. తొమ్మిది దాటుతుండగా పెరటి తలుపు కిర్రుమన్నది.

కాశీబాయి వచ్చింది. చంకన బిందె. పూజ అయి, తడి జుట్టు ముడేసుకుని ఉంది. ఎవరినీ చూడకుండా నేరుగా పట్టీ కట్టిన చెట్టు దగ్గరికి పోయి, పాదులో పరిచిన ఎండుగడ్డిని పక్కకు నెట్టి, బిందె నీళ్లు నెమ్మదిగా పోసి, మళ్లీ గడ్డి కప్పింది. "తాగు బిడ్డా, జల్ది కోలుకో," అని మొద్దును తట్టి, రెండో బిందెకు వెనక్కి తిరిగేసరికి ఎదురుగా అత్త. రొట్టెముక్క చేతిలోనే పట్టుకుని దయానంద్.

"అత్తా! ఏం చేస్తున్నవ్?"

"దొంగను చూసినట్టు చూస్తవేందే? నీళ్లు పోస్తున్న."

"తోట ఉపాసమున్నదని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్. గందుకే కడమ చెట్లకు సుక్క పొయ్యలే. గని గిది రోగమున్న చెట్టు. రోగమున్నోళ్లకు ఉపాసమేందే? మనుషులకే లేదు, చెట్టుకుంటదా?"

"దీనికి రోగమని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలన్న చెప్పాల్నా? గీ డాక్టరు పొద్దుగాల అస్తడు, పగటీలి అస్తడు. నాడి చూస్తడు, కాయితం మీద రాస్కుంటడు. నడుముకు పట్టీ కట్టిండు. నూట నలభై చెట్లల్ల గిదొక్కదాన్నే చూస్తడు. బాగున్నదాన్ని గిన్నిసార్లు ఎవలన్న చూస్తరా?"

ఆ మాటలో తప్పు ఎక్కడుందో అత్తకు దొరకలేదు.

దయానంద్ రొట్టె పక్కన పెట్టి, "ఎన్ని బిందెలమ్మా? ఎప్పటి సంది?" అని అడిగాడు.

"నువ్వు నీళ్లు బందు పెట్టిన మూడో దినం సంది. దినాం రెండు. బేస్తారం నాడు మూడు. నా ఉపాసం పున్నెం దానికి గూడ తగలాలని."

గురువారం మూడు. శుక్రవారం తెల్లవారి ముల్లు ఎందుకు లేచిందో అతనికి అప్పుడు తెలిసింది.

"యంత్రం అబద్ధమాడలేదక్కా. గా చెట్టు సంగతి గది సరిగ్గనే చెప్పింది. నేను మొదలు ఏసిన లెక్క గూడ సరిగ్గనే ఉన్నది. రెండు ఎందుకు కలుస్తలేవని నేను అడగాలె. అడగలే. లెక్కనే మార్చుకున్న."

"ఏడ్సుడు తర్వాత," అన్నది అత్త. "నా చెట్లకు పానమెంతున్నది? గది చెప్పు."

ఈసారి అతను తనే పట్టీ విప్పాడు. వెనక వరసలో నడిమి చెట్టు బెరడు కొంచెం గీకి అక్కడ బిగించాడు. ఆ మధ్యాహ్నం ముల్లు దిగింది కొంచెమే. మర్నాడు తెల్లవారి లేచింది అంతకంటే తక్కువ. ఎక్కువ దిగకపోతే మంచిదే కదా అనుకున్నది అత్త. దయానంద్ తల అడ్డంగా ఊపాడు. ఇవ్వడానికి మొద్దు దగ్గర ఏమీ మిగలలేదు, అందుకే దిగడం లేదు. రంజను అడుగు కనబడుతున్నదన్న మాట. పాత కాగితం తీసి చూశాడు. అసలు రోజు దాటి మూడు రోజులయింది.

అత్త కొంగు నడుముకు చెక్కుకుని గోధుమ చేనికి పోయింది. దిగంబర్ ఇంజను దగ్గర కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"బావా, నాకు ఇయ్యాల్నే నీళ్లు కావాలె."

"అగో! సంక్రాంతి దాక అక్కర లేదంటివి. నీ గడియారం తిరగవడ్డదా?"

"గడియారం బాగనే ఉన్నది. నాదే తప్పు. ఒక్క చెట్టును చూసి అన్ని గట్లనే ఉన్నయనుకున్న."

కాశీబాయి పేరు ఆమె ఎత్తలేదు. దిగంబర్ చుట్ట ఆర్పి గోధుమ వైపు చూశాడు. "ఇది పొట్ట మీదున్నది. ఇప్పుడు నీళ్లు తప్పితే గింజ తాలయితది. నీ తోట తడువనీకి ఆరు గంటలు నడవాలె ఇంజను. నీళ్లేడున్నయి బావిల? ఒక్క గంట ఇస్త. గంతే. గది గూడ మా తమ్ముని మొకం చూసి."

గంట నీళ్లు కాలువలో వదిలితే మొదటి రెండు వరసలే తాగేస్తాయి. చావుకు దగ్గరగా ఉన్నవి వెనక వరసలు. అత్త తిరిగి వచ్చి, గట్టు మీద కూర్చుని ఆ మాట చెప్పింది. దయానంద్ కాగితం వెనక్కి తిప్పి చాలాసేపు గీతలు గీశాడు.

"అక్కా, భూమంత తడుపుడు ఇయ్యాల వద్దు. రంజను నింపేటన్ని చాలు. ఒక్కొక్క చెట్టుకు అయిదు బిందెలు, నీడవడే తావుల, మొదలుకు జానెడు దూరం ఇడిచి పొయ్యాలె. ఎనిమిది దినాలు నిలువవడ్తయి."

"నీ లెక్కను మల్ల నమ్మాల్నా?"

అతను తల ఎత్తలేదు. "ఈసారి చెట్టునే అడుగుదం. రేపు తెల్లారి ముల్లు లేవకుంటే నన్ను తిట్టుండ్రి."

ఇంజను గంట నడిచి హౌజు, అంటే బావి పక్కన ఉన్న నీళ్ల తొట్టి, నిండింది. సంగవ్వ, ఇంకో ఇద్దరు కూలి ఆడవాళ్లు, అత్త, దయానంద్ బిందెలు పట్టారు. ఆరో బిందె కాశీబాయిది. వద్దంటే వినలేదు. ఒకటి తక్కువ నూట నలభై చెట్లు, చెట్టుకు అయిదు బిందెలు. పొద్దుగూకే దాకా మోశారు. దయానంద్‌కు భుజాలు ఒరుసుకుపోయాయి. "పెన్సిల్ బరువు వేరు, బిందె బరువు వేరు తమ్మీ," అని సంగవ్వ నవ్వింది. పట్టీ విప్పిన చెట్టు దగ్గరికి వచ్చినప్పుడు కూలి ఆమె ఒకతె పోయబోతే కాశీబాయి చేత్తో ఆపింది. "దాని వంతు అది ఎప్పుడో తాగింది. ముందుకు నడువు."

మర్నాడు చీకటితోనే అందరూ వెనక వరసలో నిలబడ్డారు. దయానంద్ బ్యాటరీ లైటు వేసి చూశాడు. మళ్లీ చూశాడు. "లేచింది అక్కా," అన్నాడు. అత్త ముల్లును చూడలేదు, కొమ్మ వంచి ఆకును వేళ్లతో పట్టుకుని చూసింది. చుట్టు కొంచెం విప్పుకుంది.

తొమ్మిది చెట్లు మాత్రం తేరుకోలేదు, నిలువునా ఎండిపోయాయి. మిగిలినవి చాలా ఆకులు రాల్చుకుని మొండి కొమ్మలతో పది రోజులు నిలబడ్డాయి. ఆ పది రోజులూ అత్త బువ్వ సరిగ్గా తినలేదు. సంక్రాంతికి ఆమె వంతు నీళ్లు మళ్లీ మొదలయ్యాయి.

ఆ రోజుల్లోనే దయానంద్ కాశీబాయి ముందు కూర్చుని ఏ రోజు ఎన్ని బిందెలు పోసిందో అడిగి రాసుకున్నాడు. ఆమె తిథుల ప్రకారం అన్నీ చెప్పింది. ఒక ఏకాదశి నాడు పోయలేదని కూడా చెప్పింది. వేర్ల లోతు అంకెను ముందున్న చోటికే దించి, ఆ బిందెలను అతను తన మొదటి లెక్కలో కలిపితే, నెల రోజుల ముల్లు జాడ గీతకు గీత సరిపోయింది, ఆ ఏకాదశి మర్నాడు దిగిన చుక్కతో సహా. పాడయిపోయిందనుకున్న వరసే అతని లెక్కకు సాక్ష్యమయింది. ముసలమ్మ బిందెల సంగతి దాచకుండా తన పుస్తకంలో రాశాడని అత్త చెప్పేది.

జనవరి ఆఖరున ఒక పొద్దున పెరటి తలుపు తీస్తే వాసన ఇంట్లోకి వచ్చింది. మొండి కొమ్మల నిండా తెల్లటి మొగ్గలు. ఆకు కంటే పూతే ఎక్కువ. కబురు పోయినట్టుంది, దిగంబర్ వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని వరస వరసా తిరిగాడు. అత్త గట్టు మీద నిలబడింది. పచ్చగా, ఒక్క మొగ్గ లేకుండా ఉన్న చెట్టు దగ్గర ఆయన ఆగాడు.

"దీనికేమయిందే అవ్వా?"

"అది ఉపాసముండలే బిడ్డా," అన్నది కాశీబాయి. "నేనే ఉండనియ్యలే." అని జరిగిందంతా కొడుకుకు తనే చెప్పింది.

ఆయన విన్నాడు. మరదలి వైపు ఒకసారి చూశాడు. చేను దగ్గర అత్త కాశీబాయి పేరు చెప్పలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టి ఉంటుంది. ఎండిపోయిన తొమ్మిది చెట్ల వైపు నడిచి, ఒకదాన్ని కాలితో కదిపి చూశాడు.

"ఈ తొమ్మిది గుంతలు ఉత్తగనే ఉంచుతవా? మృగశిర కార్తెకు మొక్కలు తేవాలె. పోయేటప్పుడు నన్ను గూడ పిలువు, బండి కడ్త," అని, మళ్లీ వెనక్కి తిరిగి, "రేపు ఇంజను నీదే. ఆరు గంటలు నడిపించుకో," అన్నాడు.

ఇంతే అండి సంగతి. మీకు తెలిసినవాళ్లలో మోసంబి తోట పెట్టుకున్నవాళ్లు గానీ, ఒక్కరిని అడిగి అందరి క్షేమం తెలిసిందనుకునేవాళ్లు గానీ ఉంటే, ఈ కథ వాళ్లకు పంపండి. ఫోన్ వాడడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పక్కన కూర్చుని వినిపించండి. ఉంటాను మరి.